అరువు గొంతు

పోయిన వారం నేను ఒక్క అక్షరం నొక్కాను. కథ అక్కడ ఆగింది.

ఆ అక్షరం వల్ల ఏం పోయిందో కొత్తగా చదివేవాళ్ళ కోసం ఇంకోసారి చెబుతాను. మా ఎదురింటి లాన్ ఆఫోకు మూడేళ్ళ కిందట పెద్దాసుపత్రిలో స్వరపేటిక తీసేశారు. పుండు ముదిరిపోయింది, ఇంకో దారి లేదన్నారు. ఆఫో అంటే మా హక్కావాళ్ళ మాటలో అమ్మమ్మ, నానమ్మ, వీధిలో తల నెరిసిన ప్రతి ఆడమనిషీ. మెడ దగ్గర గుడ్డ కట్టుకుని ఇంటికొచ్చిన ఆమెకు కూ మాస్టారు ఒక పాత ల్యాప్‌టాప్ బాగుచేసి ఇచ్చారు. అందులో ఉన్నది కొనుక్కోవాల్సినది కాదు, ఎవరైనా తీసుకుని వాడుకోగల లినక్స్. ఆఫో టైపు చేస్తే అది హక్కాలో పైకి చదువుతుంది. ఈ మూడేళ్ళూ ఆమె కూరలవాడితో బేరమాడినా, కోడల్ని కేకలేసినా, మమ్మల్ని నవ్వించినా ఆ గొంతుతోనే.

శనివారం సాయంత్రం ఆ యంత్రాన్ని నేను లినక్స్ కొత్త విడుదలకు మార్చాను. మా ఊరు మేనోంగ్‌లో గ్రంథాలయం కంప్యూటర్లు చూసుకునేది నేనే కాబట్టి నన్ను అడిగారు. అడిగినందుకు నేనూ మురిసిపోయాను. అంతా అయ్యాక తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. ఈ కింది ముప్పై ఒక్క ప్యాకేజీలు ఇక అవసరం లేదు, తీసేయమంటారా? అవునంటే వై, కాదంటే ఎన్. ప్యాకేజీ అంటే ఒక్కో పని చేసిపెట్టే ప్రోగ్రాము. ముప్పై ఒక్క పేర్లూ నేను చదవలేదు. వై నొక్కాను.

ఆ ముప్పై ఒకటిలో లాన్ ఆఫో గొంతు ఉంది.

మర్నాడు ఆదివారం, మధ్యాహ్నం మూడింటికి ఏడాది చివరి మొక్కు. పొలిమేర దేవుడు పాక్‌కుంగ్ తాతకు మా పేట వెదురుమూల అంతా కలిసి కృతజ్ఞత చెప్పుకునే రోజు. ఇళ్ళ వరస ప్రకారం ఒకరు ఆ ఏటి పెద్దగా నిలబడి ఆ మాటలు చెబుతారు. ఈ ఏడు వరస లాన్ ఆఫోది. ఆమె చెప్పలేకపోతే అది గోడ అవతలి ఇంటికి పోతుంది. గోడ అవతల ఉండేది ఫుంగ్ ఆఫో. వాళ్ళిద్దరికీ ఇరవై రెండేళ్ళుగా మాటల్లేవు.

*

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి నేను లాన్ ఆఫో వంటింటి బల్ల ముందు తల వంచుకుని కూర్చున్నాను. ఆమె గోడ క్యాలెండర్ నుంచి పాత తేదీలు చింపి, వెనకవైపు లావు పెన్నుతో రాసి నా ముందు పెడుతోంది.

"గొంతు ఏది?"

"వెతుకుతున్నాను ఆఫో."

ఇంకో కాగితం. "నువ్వే తీసి నువ్వే వెతుకుతావా?"

కోడలు సూచిన్ పిన్ని పొయ్యి మీద పంది మాంసం, సొరకాయ ఉడకబెడుతూ వెనక్కి తిరిగింది. "ఎందుకమ్మా ఇంత రభస? నా ఫోన్ ఉంది. టైపు చేస్తే చక్కగా చదువుతుంది."

"అది మాండరిన్‌లో చదువుతుంది పిన్నీ," అన్నాను.

"అయితే ఏం? పాక్‌కుంగ్ తాతకు మాండరిన్ రాదా? టీవీ చూడడా?"

లాన్ ఆఫో ఈసారి కాగితం కోడలి వైపు తిప్పి పట్టుకుంది. పెద్ద పెద్ద అక్షరాలు. "పుట్టినప్పట్నుంచీ ఆయనతో హక్కాలోనే మాట్లాడాను. ముసలితనంలో పరాయిదాన్నవ్వమంటావా?"

సూచిన్ పిన్ని గరిటెను గిన్నె అంచుకు కొట్టింది. అది ఒప్పుకోవడమో కాదో నాకు తెలియలేదు.

నేను ఆ ప్యాకేజీ పేరు టైపు చేసి మళ్ళీ పెట్టమని యంత్రాన్ని అడిగాను. ఆ పేరుతో ఏదీ లేదంది. అక్షరాలు సరిచూసుకుని మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే జవాబు. ఒక వస్తువు కనిపించకపోవడం వేరు, అసలు అలాంటిది లేదని చెప్పించుకోవడం వేరు.

పదిన్నరకు కూ మాస్టారు స్కూటర్ మీద వచ్చారు. టెక్నికల్ స్కూల్లో ముప్పై ఏళ్ళు పాఠం చెప్పి రిటైరయ్యారు. ఇప్పుడు పారేసిన కంప్యూటర్లు ఏరుకొచ్చి బాగుచేసి పంచుతారు. నాకు ఈ విద్య నేర్పింది ఆయనే. హెల్మెట్ తీసి, తెర వైపు చూడకుండా, ల్యాప్‌టాప్ పక్కనున్న ఆకుపచ్చ పొట్లాన్ని చేతిలోకి తీసుకున్నారు.

"ఆజెన్, ఇదెప్పటిది?"

"మాస్టారూ, పొట్లం సంగతి తర్వాత..."

"తేదీ చదవవే."

చదివాను. "పోయిన నెల ఇరవైతో గడువు అయిపోయింది."

"అదీ సంగతి," అన్నారాయన, జబ్బు కనిపెట్టిన డాక్టర్‌లా.

మాలో ఏ యంత్రం పక్కనైనా కొబ్బరి రుచి బొరుగుల ఆకుపచ్చ పొట్లం ఒకటి ఉంటుంది. యంత్రం బుద్ధిగా ఉండాలని. పెద్ద పెద్ద బ్యాంకుల్లోనూ పెడతారు. దాన్ని తినకూడదు, గడువు దాటనివ్వకూడదు, ఆకుపచ్చది తప్ప ఇంకో రంగు పెట్టకూడదు. మాస్టారు దేవుడి గుడికి వెళ్ళరు గానీ పొట్లం తేదీ మాత్రం చూస్తారు.

"నేను అనుకుంటూనే ఉన్నా," అంది సూచిన్ పిన్ని. తప్పు నా వేలిది కాదు, పొట్లానిది అయ్యేసరికి ఆమెకు హుషారొచ్చింది. చెప్పులేసుకుని మూలకొట్టుకు పరిగెత్తి పది నిమిషాల్లో తిరిగొచ్చింది. "ఇవాళ మొక్కు కదా, ఆకుపచ్చవన్నీ అయిపోయాయట. ఇది దొరికింది."

పసుపు పొట్లం.

"సూచిన్!" మాస్టారు రెండు చేతులూ ఎత్తారు. "గుమ్మం దాటనివ్వకు దాన్ని. అది పెడితే ఇప్పుడు వెలుగుతున్న తెర కూడా ఆరిపోతుంది."

"అబ్బో, ఏం చదువుకున్నారండీ మీరు," అని గొణుగుతూ ఆమె పొట్లాన్ని బయట మెట్టు మీద పెట్టి, అక్కడే కూర్చుని విప్పుకుని తినడం మొదలుపెట్టింది.

మాస్టారు నా పక్కన కూర్చుని కళ్ళజోడు సర్దుకున్నారు. నేను చేసింది ఏదీ దాచకుండా చెప్పాను. ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే తేలికగా ఉండేది.

"ఆ ప్యాకేజీని చూసుకునే మనిషి కొన్నేళ్ళ కిందట మానేశాడు. ఉద్యోగమో, పిల్లలో, ఏదో ఒకటి. అప్పుడు దానికి అనాథ అని పేరు పెడతారు. ఎవరైనా దత్తత తీసుకుంటారేమోనని ఎదురుచూస్తారు. ఎవరూ రాలేదు. అందుకే కొత్త విడుదలలో చేర్చలేదు."

"పారేశారా?"

"మనవాళ్ళు ఏదీ పారెయ్యరే. అటక మీద పెడతారు." ఆయన ఫోన్ తీసి ల్యాప్‌టాప్‌కు ఇంటర్నెట్ కలిపారు. "పాత విడుదలలన్నీ ఒకచోట ఉంటాయి. దించుకుందాం."

దించుకున్నాం. గొంతు ఉన్న ప్యాకేజీ దొరికింది. కానీ అది ఒంటరిగా రానంది. టైపు చేసినదాన్ని పైకి చదివే ఫలానా పాత ఇంజన్ కావాలంది. ఆ ఇంజన్ ఇంకో పాతదాన్ని అడిగింది. ఆ మూడోది పెట్టమంటే యంత్రం చాలాసేపు ఆలోచించి, తెర నిండా పేర్లు పరిచింది. దీన్ని పెట్టాలంటే నలభై ఆరు ప్యాకేజీలు తీసేయాలి. కానిమ్మంటారా? అవునంటే వై, కాదంటే ఎన్.

ఈసారి చదివాను. ఒక్కొక్క పేరు మీద వేలు పెట్టి చదివాను. పదిహేడోది తెరను చూపించేది. ఇరవై మూడోది మా అక్షరాలు టైపు చేయనిచ్చేది.

"ఎన్," అన్నాను.

"ఎందుకు?" మాస్టారు పరీక్ష పెడుతున్నట్టు అడిగారు.

"గొంతు వస్తుంది గానీ ఆఫో టైపు చెయ్యలేదు."

"ఊఁ. మరిప్పుడు?"

లాన్ ఆఫో ముల్లంగి కోస్తోంది, కత్తి ఆపకుండానే నా వైపు చూస్తోంది. గోడ గడియారం పదకొండూ పది చూపిస్తోంది. అప్పుడు పాఠంలో ఆయనే ఒకసారి చేసి చూపించింది గుర్తొచ్చింది.

"యంత్రం ఒక ఇల్లనుకుంటే, ఇల్లంతా పాతదానిగా మార్చకుండా, లోపల ఒక చిన్న గది కడదాం మాస్టారూ. ఆ గదిలోపల అంతా పాత విడుదల. గొంతు అందులో ఉంటుంది. ఆఫో బయట టైపు చేస్తే మాట గదిలోకి వెళ్ళి చదివించుకుని వస్తుంది."

"కట్టు మరి," అని ఆయన లేచి టీ పోసుకున్నారు.

గది కట్టడానికి మొదటి ఆదేశం ఇవ్వగానే యంత్రం అడ్డం పడింది. ఈ సామానంతా పంపినవాళ్ళ సంతకం గడువు తీరిపోయింది, నమ్మలేను అంది.

"పొట్లం గడువూ తీరింది, సంతకం గడువూ తీరింది," అంది గుమ్మంలోంచి సూచిన్ పిన్ని, బొరుగులు నములుతూ. "ఇంక మా అత్తగారి ఓపిక గడువే మిగిలింది."

లాన్ ఆఫో భుజాలు కదిలాయి. ఆమె నవ్వితే ఇప్పుడు చప్పుడు రాదు, భుజాలే నవ్వుతాయి.

మాస్టారు చొక్కా జేబులోంచి అట్టలు చిరిగిన నోట్‌బుక్ తీశారు. అందులో ప్యాకేజీలు పంపేవాళ్ళ సంతకాలను పోల్చుకోవడానికి ఆయన చేత్తో రాసుకున్న గుర్తులు ఉన్నాయి, నాలుగేసి అక్షరాల గుంపులుగా. కొన్ని ఆయన మనుషుల్ని ఎదురుగా కలిసి, గుర్తింపు కార్డులు చూసి, సరిచూసుకుని రాసుకున్నవి. ఆయన నోట్‌బుక్ చదివారు, నేను తెర మీద చూశాను. పది గుంపులు. పదీ సరిపోయాయి.

"తేదీ దాటినా మనిషి అతనే," అన్నారు మాస్టారు. "తీసుకో."

ప్యాకేజీలు ఒక్కొక్కటీ దిగడం మొదలైంది. మా పేటలో ఇంటర్నెట్ సంగతి తెలిసిందే, నలభై నిమిషాలు పడుతుందని చూపించింది. ఊరికే కూర్చోలేక నేను ప్రతి ప్యాకేజీనీ చూసుకునే మనిషి పేరు చదువుతూ కూర్చున్నాను. ఒకామె సప్పోరోలో ఉంటుంది. ఒకాయన పోర్చుగల్‌లో. ఒకాయన పేరు పక్కన, ఈ పని మా నాన్న తర్వాత నేను తీసుకున్నాను అని రాసి ఉంది. వీళ్ళెవరికీ లాన్ ఆఫో తెలియదు. ఆమె మెడకున్న గుడ్డను చూడలేదు. ఎవరో ఒకరికి కావాల్సి రావచ్చని, తమ పని అయ్యాక, సెలవు రోజుల్లో కూర్చుని వీటిని సరిచేసి ఉంచారు. ఇంతమంది నా పొరపాటు కింద చేతులు పట్టి నిలబడినట్టు అనిపించింది. ఎవరికి దండం పెట్టాలో తెలియక తెరకే తల వంచాను. మాస్టారు చూసీ చూడనట్టు టీ తాగారు.

సరిగ్గా అప్పుడు పెరటివైపు ఏదో మెత్తగా పడ్డ చప్పుడైంది. సూచిన్ పిన్ని వెళ్ళి చూసి, వింత మొహంతో తిరిగొచ్చింది. ఆమె చేతిలో కొత్త ఆకుపచ్చ పొట్లం.

"గోడ మీద నుంచి మన ఎండుముల్లంగి చాప మీద పడింది. అటువైపు ఫుంగ్ ఆఫో చీపురు పట్టుకుని ఊడుస్తోంది. నా వైపు చూడలేదు."

ఫుంగ్ ఆఫో ఇంటి నుంచి ఈ ఇంటికి ఏదైనా రావడం నా ఎరుకలో ఇదే మొదలు.

ఈ గోడ కథ కొంచెం చెప్పాలి. ఒకప్పుడు లాన్, ఫుంగ్ ఇద్దరూ కొండపాటలు జంటగా పాడేవారు. పొగాకు తోటల్లో మొదలుపెట్టి ముప్పై ఏళ్ళు పాడారు. ఒక ఏడు నగరంలో పెద్ద పోటీకి ఇద్దరి పేర్లూ ఇచ్చారు. ఆ రోజు లాన్ ఆఫో బస్టాండులో ఎదురుచూస్తూ ఉండగానే ఫుంగ్ ఆఫో ముందు బస్సెక్కి వెళ్ళి, ఒంటరిగా పాడి, కప్పు తెచ్చుకుంది. అంతే. గొంతు పోయాక కూడా లాన్ ఆఫో కోపం పోలేదు. ల్యాప్‌టాప్‌ను పీట మీద పెట్టి గోడ దాకా తోసుకెళ్ళి, శబ్దం పెంచి తిట్టేది. "నీ ముల్లంగి నీళ్ళు నా వైపు పారుతున్నాయి, కళ్ళు కనబడవా?" "నీ కోడిపుంజుకు నీలాగే వేళాపాళా లేదు!" ఫుంగ్ ఆఫో ఒక్కసారైనా ఎదురు మాట్లాడలేదు. చేస్తున్న పని ఆపి, తల వంచుకుని చివరిదాకా విని, మళ్ళీ పనిలో పడేది. పొగరు అనుకునేవాళ్ళం.

లాన్ ఆఫో ఆ పొట్లాన్ని అటూ ఇటూ తిప్పి తేదీ చూసింది. తర్వాత దాన్ని ల్యాప్‌టాప్ పక్కన నిలబెట్టింది.

*

పన్నెండున్నరకు గొంతు ప్యాకేజీ గదిలోకి చేరింది. వెంటనే మాట్లాడించబోయాను. మాస్టారు నా చెయ్యి పట్టుకున్నారు.

"నా పద్ధతి మర్చిపోయావా?"

మర్చిపోలేదు. ప్రతి ప్యాకేజీతోనూ ఒక చిన్న ఫైలు వస్తుంది. ఎవరు చేశారు, ఎవరు సాయపడ్డారు, ఏ షరతు మీద ఇచ్చారు అని అందులో ఉంటుంది. దాన్ని ఎవరూ తెరవరు. ఎవరు వండారో అడక్కుండా విస్తరి ముందు కూర్చుంటారా అని మాస్టారు క్లాసులో అందరిచేతా తెరిపించేవారు. ఈ గొంతు ఫైలు మాత్రం నేను తెరవలేదు. యంత్రం ఇచ్చినప్పుడే మాస్టారు అన్నీ పెట్టి ఇచ్చారు.

తెరిచాను. సగం ఇంగ్లీషు, సగం మా లిపి. పన్నెండేళ్ళ కిందటి తేదీ. ఒక విశ్వవిద్యాలయం పిల్లలు హక్కా ఊళ్ళు తిరిగి వాక్యాలు చదివించి రికార్డు చేసుకున్నారు. కింద ఇలా ఉంది:

గొంతు ఇచ్చినవారు: ల్యూ ఫుంగ్‌మోయ్, వెదురుమూల, మేనోంగ్. నాలుగు వేల రెండు వందల వాక్యాలు. ఆమె పెట్టిన షరతులు రెండే. దీన్ని ఎవరికీ అమ్మకూడదు. మాట పోయినవాళ్ళు ఎవరు అడిగినా కాదనకూడదు. మొదటి రెండు రోజులు చదివి మానుకున్న మరొక గాయని పేరు, ఆమె కోరిక ప్రకారం, ఇక్కడ ఇవ్వడం లేదు.

నేను ఆ పేరు దగ్గరే ఆగిపోయాను. మళ్ళీ చదివాను. గోడ అవతల చీపురు చప్పుడు వినిపిస్తూనే ఉంది.

మాస్టారిని పెరట్లోకి లాక్కెళ్ళాను. "మీకు తెలుసు," అన్నాను గొంతు తగ్గించి.

"తెలుసు."

"మూడేళ్ళు దాచారు!"

"దాచానా? ఆ ఫైలు మూడేళ్ళుగా ఆ యంత్రంలోనే ఉంది. తాళం లేదు, సంకెల లేదు. ఎవరూ తెరవకపోతే నేనేం చెయ్యను ఆజెన్?"

"లాన్ ఆఫో ఆవిడని తిట్టిన తిట్లన్నీ..."

"ఆవిడ గొంతుతోనే తిట్టింది." మాస్టారు నవ్వలేదు. "ఫుంగ్ తన గొంతు తనను తిడుతుంటే నిలబడి వినేది. నేనూ చూశాను."

అంతా గమనిస్తాననుకునే నేను మూడేళ్ళు ఆ గొంతు విన్నాను, గోడ అవతలి మనిషినీ చూశాను. యంత్రం గొంతు కాస్త రేకు డబ్బాలో నుంచి వచ్చినట్టు ఉంటుంది. ఫుంగ్ ఆఫో వీధిలో పెద్దగా మాట్లాడేదే కాదు. రెండూ కలిపి చూడాలని నాకు తట్టలేదు.

ఇప్పుడు చెప్పాలా? చెబితే ఆ గొంతు నాకొద్దని కాగితం మీద రాసి పడేస్తుందేమో. అప్పుడు మూడింటికి చేతులు కట్టుకుని కూర్చుంటుంది, వరస ఫుంగ్ ఆఫోకు పోతుంది. చెప్పకపోతే నిన్నటిలాగే, ఆమెకు తెలియకుండా ఆమె గొంతు విషయం నేను తేల్చేసినట్టు. నిన్న ఒకసారి చేశాను ఆ పని.

లోపలికి వెళ్ళి ల్యాప్‌టాప్‌ను ఆమె వైపు తిప్పాను. "ఆఫో, వాడే ముందు ఇది చదవాలి."

ఆమె కళ్ళజోడు పెట్టుకుంది. చదివింది. కింది వాక్యం దాకా చదివింది. ఆమె మొహంలో నేను వెతికినది ఏదీ కనిపించలేదు. క్యాలెండర్ కాగితం తీసుకుని ఒక్క మాట రాసింది.

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మొదటి రోజు నుంచి." ఇంకో కాగితం. "ముప్పై ఏళ్ళు పక్కన నిలబడి పాడాను. రేకు డబ్బాలో పెట్టినా పోల్చుకోలేనా?"

"మరి... మరి ఆవిడనెందుకు తిట్టారు, ఆవిడ గొంతుతోనే?"

లాన్ ఆఫో కాసేపు పెన్ను మూత పెడుతూ తీస్తూ ఉంది. తర్వాత రాసింది. "ఇంకెలా మాట్లాడను దానితో?"

సూచిన్ పిన్ని నా భుజం మీద నుంచి అది చదివి, గబుక్కున వెనక్కి తిరిగి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. ఉడుకుతున్న దాన్ని చాలాసేపు కలిపింది.

ఆఫో కీబోర్డు దగ్గరికి లాక్కుంది. ఒక వేలితో, తొందర లేకుండా టైపు చేసింది. యంత్రం ఒక క్షణం తటపటాయించింది. మాట బయట నుంచి చిన్న గదిలోకి వెళ్ళి తిరిగి వచ్చింది.

"ఆజెన్, అన్నం తిన్నావా?" అంది ఫుంగ్ ఆఫో గొంతు.

నేను తినలేదని చెప్పడానికి నోరు తెరిచి, ఏడ్చేశాను.

*

మూడింటికి పాక్‌కుంగ్ గద్దె ముందు పేట అంతా చేరింది. పెద్ద జోడు గుండిగల్లో ఉప్పు గంజి ఉడుకుతోంది. బల్లల మీద ముల్లంగి, పంది మాంసం, వేయించిన వేరుశెనగలు. ల్యాప్‌టాప్‌ను పాటల మైకుసెట్‌కు కలిపి పీట మీద పెట్టాం. మూత వదులైపోతే రబ్బరు బ్యాండు వేశాను. పక్కన ఆకుపచ్చ పొట్లం. మాస్టారు దాన్ని రెండుసార్లు సర్దారు.

లాన్ ఆఫో ధూపం వెలిగించి, మూడుసార్లు వంగి, పీట ముందు కూర్చుంది. వారం రోజులుగా రాసిపెట్టుకున్న మాటలు ఒకటొకటే వినిపించాయి. వానకు కృతజ్ఞత. కాలవ నీళ్ళకు. ఈ ఏడు తియ్యగా వచ్చిన ముల్లంగికి. చెట్లు కూలిన తుఫానులో ఒక్క ప్రాణమూ పోనందుకు. గంజి వండినవాళ్ళకు. పెద్దలు తలలూపారు. ఎవరో, "ఈసారి పొడుగ్గా ఉందే, గంజి గడ్డకడుతుంది," అంటే పక్కవాళ్ళు నోరు మూయించారు.

రాసిపెట్టినది అయిపోయింది. అందరూ లేవబోయారు. ఆఫో చెయ్యెత్తి ఆపి, అప్పటికప్పుడు టైపు చేయడం మొదలుపెట్టింది. ఒక్క వేలు. మైకులో ఒక్కో వాక్యం మధ్యా పెద్ద ఖాళీ.

"ఇవాళ ఈ గొంతు రావడానికి ఊరూ పేరూ తెలియని చాలామంది పనిచేశారని ఆజెన్ చెప్పింది. వాళ్ళకు కృతజ్ఞత."

ఖాళీ.

"ఈ గొంతు ఎవరిదో మీలో చాలామందికి తెలియదు. మూడో బల్ల దగ్గర వేరుశెనగ ఒలుస్తోందే, ఆవిడది."

అన్ని తలలూ తిరిగాయి. ఫుంగ్ ఆఫో చేతిలో వేరుశెనగ అలాగే ఉండిపోయింది.

"మూడేళ్ళు దీనితోనే తిన్నాను, కొన్నాను, తిట్టాను. ఎక్కువ తిట్టింది ఫుంగ్‌నే. పన్నెండేళ్ళ కిందట వాక్యాలు చదివే చోటికి అదీ వచ్చిందని నేను రెండు రోజులకే లేచి వచ్చేశాను. అది కూర్చుని నాలుగు వేల వాక్యాలు చదివింది. అందుకే నాకు మాట ఉంది." వేలు కాసేపు గాల్లో ఆగింది. "ఫుంగ్, నీ గొంతుతోనే నీకు కృతజ్ఞత చెబుతున్నాను. నాది లేదు కదా."

ఫుంగ్ ఆఫో లేచింది. ఒళ్ళోని తొక్కలు దులుపుకుంది. వెళ్ళిపోతుందనుకున్నాం. కానీ బల్లల మధ్య నుంచి నడిచి పీట ముందుకు వచ్చి నిలబడింది. ఇరవై రెండేళ్ళ తర్వాత లాన్ ఆఫో మొహంలోకి చూసి మాట్లాడింది. యంత్రంలో కంటే ఆమె గొంతు బొంగురుగా, ముసలిగా ఉంది.

"బాగానే చెప్పావు. చివరి మాట మాత్రం తప్పు."

లాన్ ఆఫో తల పైకెత్తింది.

"నీది లేదనకు." ఫుంగ్ ఆఫో చేతి సంచిలో నుంచి మడతలు పెట్టిన ఎర్ర గుడ్డ తీసింది. విప్పుతుంటే ఆమె వేళ్ళకు ముడి రాలేదు. సూచిన్ పిన్ని వెళ్ళి విప్పింది. లోపల వేలెడంత పెన్‌డ్రైవ్. "నువ్వు రెండు రోజులు చదివిన రికార్డులు ఆ పిల్లలు పారెయ్యలేదు. పక్కిల్లే కదా, ఇచ్చెయ్యండి ఆఫో అని నా చేతిలో పెట్టారు. కోపం కొద్దీ నేను ఇవ్వలేదు. నీ గొంతు తీసేశారని విన్నరోజు ఇద్దామని గోడ దాకా వచ్చాను. ఇన్నేళ్ళూ ఎందుకు దాచావంటే ఏం చెప్పను? మళ్ళీ లోపల పెట్టేశాను. నువ్వు ఎన్ని తిట్టినా నాకు తక్కువే అనిపించేది."

లాన్ ఆఫో కీబోర్డు మీద నుంచి చేతులు తీసింది. ఆమె ఆ పెన్‌డ్రైవ్ తీసుకుని అరచేతిలో చాలాసేపు పట్టుకుంది. తర్వాత నాకిచ్చి, ల్యాప్‌టాప్ పక్కనున్న సందు వైపు వేలు చూపించింది.

పెట్టాను. చిన్న దీపం వెలిగింది, ఆరింది, మళ్ళీ వెలిగింది. తెర మీద వరసగా అక్షరాలు వచ్చాయి. ఈసారి ప్రతి మాటా చదివాను. పక్కనుంచి మాస్టారు కూడా కళ్ళజోడు సర్దుకుని చదివారు.

ఈ డిస్కు దెబ్బతిని ఉంది. నాలుగు వందల పన్నెండు ఫైళ్ళు ఉన్నట్టు తెలుస్తోంది. సరిచేయవచ్చు. సరిచేస్తే కొన్ని, లేదా అన్నీ, శాశ్వతంగా పోవచ్చు. కానిమ్మంటారా?

అవునంటే వై, కాదంటే ఎన్.

ఇద్దరు ఆఫోలూ, మధ్యలో పీట ఉండగా, నా వేలి వైపే చూస్తున్నారు.